తట్ట పెట్టిన చోట

మా బావది పిరికి గుండె అని ఇంట్లో అందరం ఆటపట్టిస్తాం. గోడ మీద బల్లి కనపడితే చాలు, ఇల్లు పీకి పందిరేస్తాడు. అలాంటి మనిషి రోజూ కూల్చిన ఇళ్ళ శిథిలాలు టిప్పర్ నిండా ఎత్తుకుని, ఊరి చివర గుట్ట అంచు దాకా బండిని వెనక్కి నడిపి దింపేస్తాడు. అదే గుట్ట మీద మా అక్క ఇనుము ఏరుతుంది, నేను సమ్మెటతో సిమెంటు పెళ్ళలు పగలగొడతాను.

గుట్ట మీద మాకొక కట్టుబాటుంది. సరుకు పడబోయే చోట ఎవరు ముందు తట్ట పెడితే ఆ లోడులో ఇనుమంతా వాళ్ళది. కాకపోతే తట్ట పక్కనే నిలబడాలి, లేదంటే ఇంకొకరు దాన్ని తన్నేసి తమది పెడతారు. టిప్పర్ తొట్టి లేస్తుండగా తట్ట లాక్కుని పరుగెత్తాలి. ఇంతకంటే బుద్ధిలేని పద్ధతి ఉండదు, పెట్టుకున్నదీ మేమే. అందుకే బావ ప్రతిసారీ కిందికి దిగి, అందర్నీ తిట్టి తరిమాకే తొట్టి లేపుతాడు.

ఆ రోజు కూల్చే చోటి మేస్త్రీ ఫోన్లో ఒకటే తిట్లు, తర్వాతి లోడుకి ఇంకా రాలేదేమని. బావ దిగలేదు. అద్దంలో దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. తొట్టి లేపేశాడు.

తర్వాత దిగి చూస్తే ఇటుకల కింద నుంచి ఎర్రగుడ్డ చుట్టిన తట్ట అంచు కనిపించింది. అది మా అక్కది.

బావ అరుపు గుట్ట అవతల ఉన్న నాకు వినిపించింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి మోకాళ్ళ మీద పడి చేతులతో ఇటుకలు లాగి పారేస్తున్నాడు.

"మీ అక్క కింద ఉందిరా!"

నేను పార అందుకోబోతే కొట్టినంత పని చేశాడు. "పార వద్దు, తగులుతుంది!"

ఒక పెళ్ళ ఎత్తితే ఇంకొకటి జారుతోంది. బావ వేళ్ళు చిట్లి నెత్తురు కారుతోంది. తర్వాతి పెళ్ళ కింద ఏం కనపడుతుందోనని నేను కళ్ళు మూసుకుని లాగాను. చెప్పడానికి సిగ్గేముంది, చచ్చేంత భయమేసింది.

"ఏంటయ్యా, నా లోడు బావా బామ్మర్దులు పంచుకుంటున్నారా?"

వెనక మా అక్క, మూతి తుడుచుకుంటూ. దాహం ఆగక, తట్ట పోతే పోయిందని నీళ్ళకి వెళ్ళిందట.

బావ అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్క పక్కన కూర్చుని అతని వేళ్ళకి కొంగు చుట్టసాగింది.

"రేపట్నుంచి బండికి ఆమడ దూరంలో ఉండవే," అన్నాడు.

"మిగతా బళ్ళకి ఉంటూనే ఉన్నాగా. నీ బండి దగ్గరే ధీమాగా నిలబడతాను. నువ్వు దిగి చూడందే లేపవు కదా."

బావ తలెత్తి టిప్పర్ వైపు చూశాడు.

"ఇవాళ నేను దిగలేదే," అన్నాడు.

అక్క కొంగు చుట్టడం ఆపేసింది.