గాజుపెట్టెలో బిస్కట్ల అట్ట

సంచుల కంపెనీ యజమాని చనిపోయిన నెలకి సంస్మరణ సభ పెట్టారు. కటింగు హాలులో బల్లలు గోడకి నెట్టి, అద్దె కుర్చీలు వేసి, తోలు వాసన పోవడానికి సెంటు కొట్టారు. వాసన పోలేదు. వేదిక మీద ఆయన నిలువెత్తు ఫొటో, దాని కింద బంగారు అక్షరాల్లో ‘సృజనశీలి, దయామయుడు’. ఆ రెండిట్లో దేనికైనా ఒక్క ఉదాహరణ చెప్పమంటే హాలులో సగంమంది నేల చూపులు చూస్తారు, మిగతా సగం నవ్వాపుకోలేక చస్తారు.

ఫొటో పక్కన గాజుపెట్టె. అందులో ఓ అట్టముక్క. ‘వ్యవస్థాపకులు స్వహస్తాలతో కత్తిరించిన తొలి నమూనా’ అని చీటీ.

మూడో వరసలో కూర్చున్న పుర్రచేతి అక్క ఆ అట్టని పొద్దున్నే గుర్తుపట్టింది. బిస్కట్ల అట్టడబ్బా చింపి తను కోసిన అట్ట. మూల సగం బిస్కట్టు బొమ్మ ఇంకా అలాగే ఉంది.

ఆమె పదహారో ఏట ఈ హాలులో కాలు పెట్టింది. ముప్పయ్యొక్క ఏళ్ళుగా తోలు కోస్తోంది. ఎడంచేతి వాటం కాబట్టి ఆ పేరు. కత్తెరలన్నీ కుడిచేతివే. పిడి బొటనవేలి మొదట్లో ఒరుసుకుని నెత్తురు కారితే పిడికి గుడ్డపీలిక చుట్టుకుంది. ఎడంచేతి కత్తెర ఒకటి తెప్పించమని యజమానిని అడిగితే, “కత్తెర మారదమ్మా, చెయ్యి మార్చుకో” అన్నాడు. దయామయుడు కదా!

ఓసారి కొత్త సంచి మూతకి ఆ బిస్కట్ల అట్టని నమూనాగా కోస్తూ, అలవాటు కొద్దీ తన చేతికి వీలుగా బకిలుని ఎడమవైపు పెట్టింది. ఎవరూ చూసుకోలేదు. నాలుగు వందల సంచులు కుట్టేశారు. యజమాని వచ్చి, “చెయ్యే వంకర అనుకున్నా, బుర్ర కూడానా?” అని మూడు రోజులు గుమ్మం బయట నిలబెట్టాడు. నాలుగో రోజు దుకాణాల వాళ్ళు అవే సంచులు ఇంకా పంపమన్నారు. బస్సులో కుడిచేత్తో కమ్మీ పట్టుకుని, ఎడంచేత్తో సంచి తెరుచుకోవచ్చట. ఆ నెలలోనే యజమాని పేపరుకి చెప్పాడు: “రద్దీలో నిలబడ్డ సామాన్యుణ్ణి చూసి నా గుండె కరిగింది. అలా పుట్టింది ఈ ఆలోచన.” కారు దిగి పది అడుగులు వేస్తే ఆయాసపడే మనిషి బస్సు లోపల ఎప్పుడు చూశాడో ఆ పేపరు వాడైనా అడగలేదు.

సభ మొదలవక ముందే అక్క చిన్నాయన దగ్గరికి, అంటే యజమాని కొడుకు దగ్గరికి, వెళ్ళింది.

“బాబూ, ఆ చీటీ మీద నా పేరు రాయించండి. ఇంకేం అడగను.”

“సభ అవనీ అక్కా, చూద్దాం. ముందు ఈ కాగితం చదివిపెట్టు. నాన్నగారు అట్ట కోస్తుంటే నువ్వు పక్కనే ఉండి చూశావని, అంతే. రెండు ముక్కలు.”

పిలిచినప్పుడు వెళ్ళి మైకు ముందు నిలబడింది. కాగితం మడిచి నడుం దగ్గర దోపుకుంది.

“బాబూ, నాన్నగారు ఏ చేత్తో రాసేవారు?”

“కుడిచేత్తోనే అక్కా. నేను ఎడంచేత్తో చెంచా పట్టుకుంటే స్కేలుతో ఒక్కటిచ్చేవారు” అని మురిపెంగా నవ్వాడు చిన్నాయన.

“అట్ట కదలకుండా పట్టుకోడానికి అంచున వేలు పట్టేంత గంటు కోసుకుంటాం. కత్తెర కుడిచేతిలో ఉంటే గంటు ఎడంపక్కనుంటుంది. గీతలు గీసిన వైపు పైకి పెట్టి ఆ అట్టని చూడండి, గంటు కుడిపక్కనుంది. మరి మీ నాన్నగారు కత్తెర నోటితో పట్టుకున్నారా?”

“అడిగావే తల్లీ!” అని వెనకనుంచి, కుట్టుపని చేసే మిషను వదిన అరిచింది. కుట్టుమిషన్ల దగ్గర వాళ్ళంతా పగలబడి నవ్వారు. కరెంటు పోయిందని చెప్పి మైకు కట్టేశారు. ఫ్యాన్లు మాత్రం హాయిగా తిరుగుతూనే ఉన్నాయి.

వారానికి చీటీ మారింది. ‘రెండు చేతులతోనూ సమాన నైపుణ్యం గల వ్యవస్థాపకులు స్వహస్తాలతో...’

“ఇంకో వారం ఆగక్కా, నాలుగు చేతులు మొలుస్తాయి” అంది వదిన.

అక్క నవ్వలేదు.

ఆ సోమవారమే యజమాని జ్ఞాపకార్థం కొత్త సంచికి ఆర్డరొచ్చింది. గడువు నాలుగు రోజులు. బకిలు చోటు గుర్తుకి అట్టలో చిల్లులు పొడిచి, వాటిలోంచి తోలు మీద సిరా చుక్కలు పెడతారు. అక్క అట్ట కోసి, బకిలు చిల్లుల కింద తన పేరు అక్షరం అక్షరం చిల్లులుగా పొడిచింది. ఇక ప్రతి మూత లోపలా ఆ పేరు పడాల్సిందే.

“ఇదేంటక్కా?” అన్నాడు చిన్నాయన.

“గుర్తులు బాబూ.”

“ఇది కుదరదు. ఇంకోటి కొయ్యి.”

“మీరే కోసుకోండి. రెండు చేతులా పనొచ్చిన తండ్రికి పుట్టారు, ఒక చెయ్యైనా రాకపోతుందా?” అని గుడ్డపీలిక చుట్టిన తన కత్తెర చిన్నాయన ముందు పెట్టింది.

మిగతా కటింగు వాళ్ళని పిలిచాడు. ఒక్కరూ కత్తెర ముట్టలేదు. బయటినుంచి ఎవర్నో రప్పించాడు. వాడు కోసిన మూత సంచికి అరచెయ్యంత పొట్టి అయింది.

మూడో రోజు పొద్దున చిల్లుల అట్ట అక్క బల్ల మీదికి తిరిగొచ్చింది. చిన్నాయన గాజు తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు. వదిన సిరా సీసా మూత తీసింది.

“చిక్కగా కలుపు వదినా” అంది అక్క.