పాఠంలో చివరి మాట

నంగునూరు దగ్గరి బడిలో నేను కొత్తగా టీచరుగా చేరినప్పుడు అక్కడ హెడ్‌మిస్ట్రెస్‌గా ఒక పెద్ద మేడం ఉండేవారు. నా క్లాసుకు వచ్చి పిల్లల మధ్య చాప మీద కూర్చునేవారు. సందేహం వస్తే పిల్లల్లాగే చెయ్యెత్తేవారు. ఆ చెయ్యి లేస్తే నేను బోర్డు తుడవడానికి తిరిగేదాన్ని.

నోరు విప్పే బాధ తప్పుతుందని ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే వీడియో పాఠాలను క్లాసు టీవీలో పెట్టేదాన్ని. ప్రతి పాఠం చివర "అర్థం కాకపోతే మీ టీచరును అడగండి" అని వచ్చేది. సరిగ్గా ఆ మాటకు ముందే టీవీ కట్టేసేదాన్ని. బోధనలో నాకున్న నైపుణ్యం అదొక్కటే.

ఒకరోజు చంద్రుడి పాఠం పెట్టాను. రిమోట్ మేడం చేతిలో ఉంది.

"ఆఖరుదాంక సూడనియ్యి బిడ్డా," అన్నారు.

ఆ మాట రానే వచ్చింది. పిల్లలందరూ నా వైపు తిరిగారు. మేడం చెయ్యెత్తారు.

"టీచర్, పొద్దుగాల బడికొస్తుంటె చంద్రుడు కనవడ్డడు. పగటిపూట ఎందుకుంటడు?"

"తెలియదు మేడం," అని గొణిగాను.

వెనక నుంచి ఒక పిల్ల లేచింది. "జర గట్టిగ చెప్పున్రి టీచర్, మాకు వినవడ్తలేదు."

"నాకు తెల్వదు," అన్నాను, పక్క క్లాసుకు కూడా వినపడేలా.

"నాకు సుత తెల్వదు," అన్నారు మేడం, చాప మీద కొంచెం జరిగి చోటిస్తూ. "రా, కూసో. ఇంకో పాఠం పెట్టి సూద్దాం."

ఆ పాఠం అయ్యాక, గట్టిగా చెప్పమన్న పిల్లే లేచి మా ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఆ రోజు పోయిన నా పరువు గురించి డైరీలో నాలుగు పేజీలు రాసుకున్నాను. చంద్రుడు పగలెందుకు కనిపిస్తాడో మాత్రం రాయలేదు. ఇప్పుడెవరైనా అడిగితే ఆ పిల్లనే పిలవాలి.