మిస్టర్ ఎల్డన్ ఆలస్యంగా అందుకున్న పాట

గత వారం దంతవైద్యుడి కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగా, పైనున్న స్పీకరులోంచి డ్రమ్ము మీద తీగల కుంచె మెల్లగా తిరిగే చప్పుడు వినిపించింది. చేటలో బియ్యం చెరుగుతున్నట్టుంటుంది ఆ చప్పుడు. చాలా కాలానికి మిస్టర్ ఎల్డన్ గుర్తొచ్చారు.

పాతికేళ్ళ కిందట ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో మా పక్క అపార్ట్‌మెంటు ఆయనది. డెబ్బై దాటిన నల్లజాతి పెద్దమనిషి. పందొమ్మిది వందల యాభైలలో కాలిఫోర్నియాలో కూల్ జాజ్ అనే నెమ్మది సంగీతపు బృందాలతో బాస్ వాయించేవారు. మనిషికన్నా ఎత్తుగా, నిలబడి వేళ్ళతో మీటే తీగవాద్యమది. పెద్ద పేరేమీ రాలేదు. నాలుగు రికార్డుల అట్టల వెనక చిన్న అక్షరాల్లో ఉంటుందాయన పేరు. శనివారం ఉదయాల్లో ఆయన పెట్టే సంగీతం గోడ దాటి నా మంచం దాకా వచ్చేది. ఒకసారి మెట్ల దగ్గర పలకరిస్తే లోపలికి పిలిచి ఒక రికార్డు పెట్టారు. మర్యాదగా కాసేపు కూర్చుని, “పాట ఎప్పుడు మొదలవుతుంది?” అన్నాను.

“మొదలై ఐదు నిమిషాలైంది, యంగ్ లేడీ,” అని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. అప్పటినుంచి తరచూ వెళ్ళేదాన్ని. ఆ సంగీతం గొంతు పెంచదు. ట్రంపెట్టు కూడా ఇంట్లో పసిపిల్ల నిద్రపోతున్నట్టు జాగ్రత్తగా పలుకుతుంది.

అప్పట్లో నా ఉద్యోగం కార్ల బ్రేకుల చప్పుడు కొలవడం. ఒక గురువారం చప్పుడు పట్టే మైకును ముందుగా సరిచూసుకోకుండా పరీక్షలన్నీ చేసేశాను. రిపోర్టు పంపిన మర్నాడు గమనించాను: అసలు చప్పుడుకన్నా తక్కువ చూపించాయి నా అంకెలు. గదిలో నాతో ఉండే లతకు చెప్పాను.

“ఎవరికీ చెప్పకే. రిపోర్ట్ సబ్‌మిట్ చేసేశావ్ కదా, వదిలెయ్. నీ హెచ్-వన్ వీసా ఇంకా ప్రాసెసింగ్‌లో ఉంది, మర్చిపోయావా?” అంది.

శనివారం నా మొహం చూడగానే మిస్టర్ ఎల్డన్ సంగతేమిటని అడిగారు. అంతా విని, సలహా చెప్పకుండా తను వాయించిన ఒక రికార్డు పెట్టారు. పియానో మొదలై, చటుక్కున ఆగింది. కాస్త ఖాళీ. ఆ తర్వాత బాస్ వచ్చింది.

“ఆ ఖాళీ నా తప్పు. ఎక్కడ అందుకోవాలో మరిచిపోయాను. తాళంలో నాలుగు దెబ్బలు దాటిపోయాయి.”

“మరేం చేశారు?”

“పియానో అతని వంక చూసి తల అడ్డంగా ఊపాను. అతను ఆగి నాకు చోటిచ్చాడు. తల దించుకుని ఏదో ఒకటి మీటేసి ఉంటే పాటంతా చెడేది. చెప్పాను గనుక నాలుగు దెబ్బలతో పోయింది.”

“మీకు వీసా గొడవ లేదు కదా,” అన్నాను ఉక్రోషంగా.

“లేదు. కానీ ఊళ్ళు తిరిగేటప్పుడు కొన్ని క్లబ్బుల్లో నన్ను ముందు గుమ్మంలోంచి రానిచ్చేవారు కాదు. తప్పు చేసే వెసులుబాటు నాకూ ఉండేది కాదమ్మాయ్,” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నాకు మాత్రం సిగ్గేసింది.

సోమవారం పొద్దున్నే మేనేజరు దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “పార్ట్స్ ఇంకా ప్లాంట్‌కి వెళ్ళలేదు. రీరన్ చేద్దాం,” అన్నాడు. చివర్లో థాంక్స్ కూడా చెప్పాడు. కారులోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. మూడు రోజులుగా సరిగా తిండి లేదేమో, మధ్యాహ్నానికని తెచ్చుకున్న పెరుగన్నం అక్కడే మెతుకు మిగల్చకుండా తిన్నాను. మళ్ళీ చేసిన పరీక్షలో రెండు బ్రేకులు తప్పాయి. నేను నోరు మూసుకుని ఉంటే అవి రోడ్డెక్కేవి. వీసా దాని మానాన అదే వచ్చింది.

మిస్టర్ ఎల్డన్ కొన్నేళ్ళకు ఒహాయోలోని కూతురింటికి వెళ్ళి, అక్కడే పోయారు. కబురు తెలిసిన రోజు, ఆయన అప్పుడు వినిపించిన రికార్డే పెట్టుకుని మూడుసార్లు విన్నాను. బాస్ కోసం కాదు. పియానో ఆగిన చోటు కోసం.

నా కింద ఇప్పుడు కొందరు ఇంజనీర్లు పనిచేస్తున్నారు. మొన్న వాళ్ళలో ఒకమ్మాయి, శ్రావణి, నా గది గుమ్మం దగ్గరే నిలబడి, “అక్కా, ఒక మిస్టేక్ చేశాను,” అంది. నేను కీబోర్డు మీంచి చేతులు తీసేసి, కుర్చీ ఆమె వైపు తిప్పుకుని, ఏమీ అనకుండా ఆగాను. ఆమె లోపలికి వచ్చి కూర్చుంది.