పళవేర్కాడు ముఖద్వారంలో పొన్నయ్య వల

పళవేర్కాడు సరస్సుకు నేనెప్పుడూ పక్షుల కోసమే వెళ్ళేవాణ్ణి. తొంభైల చివర్లో ఒక శనివారం మాత్రం గోనెసంచులతో వెళ్ళాను. సముద్రంలో ఏదో ఓడ నుంచి ముడిచమురు కారిందనీ, మధ్యాహ్నం పోటుకు సరస్సులోకి, పక్షుల అభయారణ్యంలోకి వచ్చేస్తుందనీ తెలిసింది. రాయపురంలో మాది గోనెల వ్యాపారం. చూస్తూ కూర్చోబుద్ధి కాలేదు. ఒక కట్ట సంచులు, ఒక మూట సబ్బుపొడి పట్టుకుని బ్రాడ్వేలో పొద్దున అయిదున్నర బస్సెక్కాను. పొన్నేరిలో బస్సు మారి ఎనిమిదిన్నరకు దిగాను. రెండు టికెట్లూ కలిపి పదిహేను రూపాయల లోపే.

రేవు నుంచి, సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారానికి పడవలో ముప్పావుగంట. ఆ రోజు వేట మానుకున్న పొన్నయ్య అనే జాలరి తీసుకెళ్ళాడు. నల్లటి తెట్టు అప్పటికే బయటి ఇసుకను తాకుతోంది. నేను సబ్బుపొడి మూట విప్పబోతే పొన్నయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు సార్. ఆడ సబ్బు పోసినారంటే నూనె బొట్లుబొట్లై అడుక్కి పోతాది. రొయ్యపిల్ల మిగలదు."

నా తెలివికి నాకే సిగ్గేసింది.

గడ్డి నింపిన గోనెలను వలకు కట్టి నీళ్ళకు అడ్డంగా వెయ్యాలన్నాడు అక్కడున్న అటవీశాఖ గార్డు. ఒడ్డున పాతికమంది జాలర్లున్నారు, వలలున్నాయి. ఒక్కరూ కదల్లేదు. నాకు ఒళ్ళు మండి పొన్నయ్య వైపు తిరిగాను.

"వీళ్ళు ఒక్క పాత వల ఇవ్వరా అన్నా?"

"ఈడ ఎవురి వంతు రోజు వాళ్ళ వలే పడాల సార్. చీట్లేసి పెట్టుకున్న కట్టుబాటు. ఈ పొద్దు వంతు నాది. అరువు వల వేస్తే వంతు పంచుకున్నట్టే."

"ఇలాంటి రోజున కూడానా?"

"ఇట్టాంటి రోజని కట్టుబాటు తప్పితే, రేపు ఇంకో సాకు దొరుకుతాది."

అతనికున్నది ఒకటే వల, కొత్తది. కాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి నీళ్ళలోకి దించాడు. అది పడగానే మిగతావాళ్ళంతా గోనెలతో దిగారు. సాయంత్రానికి తెట్టు చాలావరకు గోనెలకే పట్టింది. లోపల రాజహంసలు మేస్తూనే ఉన్నాయి. వల మాత్రం తారుముద్దయింది. కొత్తది కొనిస్తానంటే పొన్నయ్య ఒప్పుకోలేదు.

మళ్ళీ అతని వంతు వచ్చిన రోజున వెళ్ళాను. అతనికింకా వల సమకూరలేదు. చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి, ఒడ్డున అందరూ ఉన్నారు, అయినా ఎవరూ వల వెయ్యలేదు. నేను మొండితనం అనుకున్న కట్టుబాటే, వలలు మితిమీరకుండా ఆ సరస్సుకు కాపలా అని అప్పుడర్థమై మనసు బరువెక్కింది. మీరు వెళితే ఒక్క జాగ్రత్త తీసుకోండి: ముఖద్వారం ఖాళీగా కనిపించినా ఒడ్డున అడగకుండా పడవ పోనివ్వకండి. ఆ ఖాళీ ఎవరిదో వంతు అయివుంటుంది.