షెరీఫ్ ఆర్డిస్ పుట్టింటి గంట

మెర్ల్ హోల్ట్‌ను పాతిపెట్టిన వారంలోనే కౌంటీ బోర్డు పెద్దలు ముగ్గురూ టోపీలు చేతుల్లో పట్టుకుని అతని భార్య ఆర్డిస్ వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ఆమె పొయ్యి మీద బంగాళాదుంపలు వేయిస్తోంది. మా టాల్బట్‌లో షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు పెద్ద, ఇల్లూ జైలూ ఒకే కప్పు కింద ఉండేవి. ముందు గదుల్లో షెరీఫ్ కాపురం, వెనక కమ్మీల అవతల ఖైదీలు, మధ్య గోడకు పళ్ళెం పట్టేంత కిటికీ. మొగుడు పోయినంత మాత్రాన లోపలి వాళ్ళకు ఆకలి ఆగదు కదా అని ఆమె వంట మానలేదు.

వాళ్ళెందుకొచ్చారో తనకు తెలుసనుకుంది. షెరీఫ్ పోతే ఇల్లు కొత్త షెరీఫ్‌ది.

“ఆదివారానికల్లా ఖాళీ చేసేస్తానండీ. సామాను పెద్దగా లేదు” అంది.

బోర్డు పెద్ద లోరిన్ ప్యూ తల అడ్డంగా ఊపాడు. “ఖాళీ చెయ్యమనడానికి రాలేదమ్మా. మెర్ల్ పదవీ గడువు ఇంకా ఏడాది పైన ఉంది. అందాకా నువ్వు ఉండాలని.”

“వంటకా?”

“షెరీఫ్‌గా.”

దుంపలు మాడిన వాసన వచ్చేదాకా ఆమె కదల్లేదట. మరి వంట ఎవరు చేస్తారని అడిగిందట. అదీ నువ్వేగా అన్నాడట లోరిన్. ఆయన ఉద్దేశం దయో, పొదుపో, పోటీకి ఎవరూ దొరక్కపోవడమో ఆమెకు చివరిదాకా అంతుపట్టలేదు. అవి కాన్సస్‌లో దుమ్ము తుఫాన్ల రోజులు. పొలాలు గాలికి ఎగిరిపోతుంటే షెరీఫ్ ఎవరన్నది జనానికి పెద్ద పట్టింపు కాదు. నేనప్పుడు కోర్టులో టైపు చేసేదాన్ని. మర్నాడు ఆర్డిస్ మెర్ల్ పెట్టుకునే షెరీఫ్ నక్షత్రపు బిళ్ళను ఏప్రన్ మీద పెట్టుకుని వచ్చింది. గుమ్మం దాటాక చూసుకుని ఏప్రన్ విప్పింది. విప్పితే నక్షత్రం కూడా దానితోనే పోయింది. మళ్ళీ కట్టుకుంది.

ఆమెది టాల్బట్ కాదు, మెరిడెన్. ఈ సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కౌంటీ పుట్టినప్పుడు కోర్టు ఉన్నది మెరిడెన్‌లో. మా తాతల కాలంలో దాన్ని ఎక్కడ ఉంచాలో తేల్చడానికి ఓట్లు వేశారు. రెండు ఊళ్ళలోనూ ఉన్న మనుషులకన్నా పడ్డ ఓట్లే ఎక్కువ. గుర్రాల పేర్లు కూడా రాశారని మా నాన్న చెప్పేవాడు, అయితే మెరిడెన్ వాళ్ళ గుర్రాలే అని. లెక్క తేలకముందే ఒక ఆదివారం, మెరిడెన్ జనమంతా చర్చిలో ఉండగా, మా వాళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళి కాగితాలూ బల్లలూ పొయ్యీ చివరికి కోర్టు గంట కూడా ఎక్కించుకొచ్చారు. ఆ తర్వాత రైలు కూడా మా వైపే వచ్చింది. మెరిడెన్‌కు ఒక చర్చీ, ఒక ధాన్యపు కొట్టూ, బోలెడు కోపమూ మిగిలాయి.

మా ఊరిది మర్యాద గల స్వభావం. కోర్టు చుట్టూ పచ్చిక కత్తిరించి ఉంచుతాం, శనివారం అరుగుల మీద ఎవరొచ్చినా జరిగి చోటిస్తాం. దొంగిలించామన్న మాట మాత్రం మా నోట రాదు. తెచ్చుకున్నాం అంటాం. ఆర్డిస్‌కు పుట్టింట్లో అది ఎత్తుకుపోయిన గంట, అత్తింట్లో తెచ్చుకున్న గంట. ఎక్కడ కూర్చుంటే అక్కడి మాట వాడుతూ ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చింది.

ఆ శరదృతువులో గోపురం దూలాలు పుచ్చిపోయాయని గంటను దించి కోర్టు పచ్చిక మీద పెట్టారు. ఒక ఆదివారం మేమంతా చర్చి నుంచి వచ్చేసరికి అక్కడ గడ్డి నలిగిన గుండ్రటి మచ్చ తప్ప ఏమీ లేదు. ఎవరి పనో అడగక్కర్లేదు. ఆర్డిస్ అన్న ఎమరీ, మరో ఇద్దరితో కలిసి గోధుమల ట్రక్కులో గంట ఎక్కించుకుని, దారి పొడుగునా చెయ్యి ఊపుతూ మెరిడెన్ చేరాడు.

లోరిన్ ప్యూ ఆమె దగ్గరికొచ్చి, మీ అన్నని పట్టుకురావాలమ్మా, తప్పదు అన్నాడు. పాత దొంగతనానికి ఎవరినైనా పట్టుకున్నారా అని ఆమె అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని. అప్పుడు దొంగతనం ఎక్కడ జరిగిందని ఆయన తెల్లబోయాడు.

మెర్ల్ కారు తీసుకుని మెరిడెన్ వెళ్ళింది. దారిలో ఏం చెప్పాలో అనుకుంటూ పోయింది. గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఒక్క మాటా గుర్తు లేదు. ఎమరీ భోజనానికి కూర్చుని ఉన్నాడు. వదిన ఇంకో పళ్ళెం పెట్టింది.

“వచ్చింది చెల్లెలా, షెరీఫా?” అన్నాడు ఎమరీ.

“నాకూ తెలీట్లేదన్నా.”

“అయితే ముందు తిను. కడుపు నిండితే తెలుస్తుంది.”

బీన్సూ మొక్కజొన్న రొట్టే తింది. వదిన ఆపిల్ పై కోసి పెడితే అదీ తింది. అందరూ ఆవిడ ముఖమే చూస్తున్నారు. మూతి తుడుచుకుని, “పద అన్నా” అంది. ఎమరీ లేచి కోటు తొడుక్కున్నాడు. కారు దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. ఖైదీలు వెనక కూర్చోవాలి, పెద్దన్న ముందు కూర్చోవాలి. ఆమె రెండు తలుపులూ తెరిచి నిలబడింది. ఎమరీ రెండు తలుపులూ చూసి ముందు ఎక్కాడు. ఊళ్ళోకి వచ్చేటప్పుడు మాత్రం, నీ మీద మాట రాకూడదే అని ఆపమని చెప్పి, దిగి వెనక్కి మారాడు.

జైల్లో ఉన్నన్నాళ్ళూ కిటికీలోంచి పళ్ళెం అందుకుంటూ, ఉప్పు తక్కువైందనో, అమ్మ ఇలా చేసేది కాదనో వంక పెట్టేవాడు. అవతల ఆమె కొంగు లాంటి ఆ ఏప్రన్ అంచుతో కళ్ళు ఒత్తుకోవడం నేను చూశాను. ఉల్లిపాయలు అంది. బల్ల మీద ఉల్లిపాయలు లేవు.

విచారణకు రెండు ఊళ్ళూ వచ్చి కోర్టు హాలు నిండిపోయింది. నడవకు అటు వాళ్ళు, ఇటు మేము. గంటను కౌంటీ కొన్నది కాబట్టి కౌంటీదే అన్నాడు ప్రభుత్వ వకీలు. దాని మీద మెరిడెన్ అని పోతపోసి ఉంది కదా అన్నాడు ఎమరీ. జడ్జిగారికీ ఏం పాలుపోయినట్టు లేదు. కళ్ళజోడు తీసి ఆర్డిస్‌ను సాక్షి బోనులోకి పిలిచారు.

“షెరీఫ్ గారూ, ఆ గంట ఎవరిదని మీ ఉద్దేశం?”

“చిన్నప్పుడు అది మాదేనని విన్నానండీ. పెళ్ళయ్యాక కూడా మాదేనని విన్నాను. రెండుసార్లూ నమ్మాను.”

అందరూ నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. గంట టాల్బట్ కోర్టుకు తిరిగి ఇచ్చెయ్యాలనీ, ఎమరీ ఇంటికి పోవచ్చనీ జడ్జిగారు తీర్పు చెప్పారు. గెలిచిందెవరని జనం ఒకరినొకరు అడుగుతూ బయటికి నడిచారు.

మర్నాడు మా వాళ్ళు ట్రక్కుతో వెళ్ళారు. మెరిడెన్ చర్చి వెనక గంటను పైకెత్తితే అంచు నుంచి నడుం దాకా బీట కనిపించింది. కొట్టి చూస్తే పెనం మోగినట్టు మోగింది. మీరు దించేటప్పుడే పగిలిందన్నారు వాళ్ళు. మీరు మోసేటప్పుడు పగిలిందన్నారు మావాళ్ళు. మాటా మాటా పెరిగేసరికి గంట ఎవరికీ అక్కర్లేనిదైంది. జడ్జిగారు మీదేనన్నారు, తీసుకుపొండి అన్నారు మెరిడెన్ వాళ్ళు. మీ ఊరి పేరే ఉంది, ఉంచుకోండి అని మా ట్రక్కు ఉత్తదే తిరిగొచ్చింది. లోరిన్ ప్యూ చెబుతుంటే ఆర్డిస్ నోరు తెరుచుకుని వింది. “అయితే మా అన్నని ఎందుకు లోపల పెట్టినట్టండీ?” అని అడిగింది. ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గడువు తీరాక ఎన్నికలో నిలబడమన్నారు. ఆలోచించి చెబుతానంది. ఆలోచిస్తుండగానే పేరు ఇవ్వాల్సిన రోజు దాటిపోయింది. కొత్త షెరీఫ్ బ్రహ్మచారి, కాఫీ కాచడం కూడా రాదు. అతను ముందు గది తీసుకుని, ఆమెను వంటకు ఉండమన్నాడు. నక్షత్రం అతనికిచ్చి, పెరటి వైపు గదిలో ఉండిపోయింది. వీధిలో ఎవరైనా అలవాటుగా షెరీఫ్ గారూ అంటే, అటూ ఇటూ చూసి, అప్పుడు పలికేది.

ఎమరీ ప్రతి శనివారం గుడ్లు అమ్ముకోవడానికి మా ఊరొచ్చి ఆమె వంటింట్లోనే తినేవాడు. మా ఊరి పేరు మాత్రం ఎత్తేవాడు కాదు, “మీ ఊరు” అనేవాడు. ఆయన వెళ్ళిన ఒక సాయంత్రం నేను కాఫీ తాగుతూ, షెరీఫ్ పని నీకు నచ్చిందా ఆర్డిస్ అక్కా అని అడిగాను.

ఆమె గిన్నె తోముతూ ఆగింది. “నచ్చిందో లేదో అడిగినవాళ్ళు ఎవరూ లేరే. నేను సరిగ్గా చేశానా?”

చేశావక్కా అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, ఇంకా నమ్మకం కలగనట్టు, మళ్ళీ గిన్నె తోమడం మొదలుపెట్టింది.