నోటి మీది ఎక్కాలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను తెలంగాణలోని చెన్నూరులో లెక్కలు చెప్పేవాణ్ణి. అప్పటికే అరిచి అరిచి గొంతు అరిగిపోయింది. నా పిల్లల్లో సగంమంది కింది తరగతులు ఉర్దూలో చదివి, ఆపైన తెలుగులోకి వచ్చి పడ్డవాళ్లు. ప్రశ్న తెలుగులో చదివి, లెక్క ఉర్దూలో కట్టి, జవాబు మళ్లీ తెలుగులో రాసేవారు. ఎక్కాలన్నీ నోటి మీదే. ‘సాత్ అట్ఠే ఛప్పన్’ అని పైకి అనుకుంటే తప్ప ఏడెనిమిదులు ఎంతో తేలేది కాదు. పోనీలే, లెక్క వస్తే చాలదా అని నేనూ ఊరుకున్నాను.

వాళ్లలో ఒకమ్మాయి టాంగా తోలే ఆయన కూతురు. చురుకైన పిల్ల. ఏడో తరగతి పరీక్ష ముందు ఆ తండ్రి నన్ను బజార్లో ఆపాడు.

“సార్, గీ పరీక్ష పాసయితెనే ముందుకు చదివిపిస్త. ఫేలయితే బడి బంద్. ఇంట్ల గదే ఫైసలా.”

“ఫికర్ చెయ్యకు, పాసయితది” అన్నాను. నాకేం పోయింది, అనేశాను!

లెక్కల పరీక్ష నాడు పైఊరి నుంచి వచ్చిన అధికారి నన్ను వరండాలోకి పిలిచాడు. కోస్తా మనిషి.

“ఆ అమ్మాయి పక్కవాళ్లకి జవాబులు చెబుతోందండీ. ఇంకోసారి పెదవి కదిపితే పేపరు లాక్కుంటాను.”

“జవాబులు కావండీ, ఎక్కాలు.”

“ఎక్కాలు మనసులో చదువుకోవాలి. నేర్పలేదా మీరు?”

నేర్పలేదు. ఆ ముక్క ఏ మొహం పెట్టుకుని చెప్పను? విడిగా వరండాలో కూర్చోబెట్టండని అడగొచ్చు. తోచక కాదు, తోచింది. కానీ పొద్దుటి నుంచి ఆయనతో అది మూడో గొడవ. ఇక నా వల్ల కాలేదు. లోపలికి వెళ్లి ఆ పిల్ల దగ్గర వంగి, “నోరు మూసుకొని రాయి బిడ్డా” అన్నాను.

ఎడమచేత్తో నోరు మూసుకుంది. గంట కొట్టేదాకా ఆ చెయ్యి తీయలేదు. కాగితం మీద కలం కదలడమూ నేను చూడలేదు.

లెక్కల్లోనే తప్పింది. బడి తెరిచిన వారంలో తండ్రి వచ్చాడు.

“నోరు మూసుకొమ్మన్నరట గద సార్. మీ మాట దాటలే, మూసుకున్నది. ఇగ పేరు కొట్టేయుండ్రి.”

తిట్టినా బాగుండేది. ఇంకొక్క ఏడు చూడమని బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. రిజిస్టరు తెరిచి ఆ పేరు మీద నా చేత్తోనే గీత కొట్టాను.