సినిమాకన్నా ముందొచ్చిన పాట

మిర్యాలగూడ పొలిమేరలో బస్సు నెమ్మదించగానే కిటికీలోంచి వడ్లు ఉడికిన వాసన లోపలికొస్తుంది. రైసుమిల్లుల ఊరు కదా, అక్కడివాళ్లు దాన్ని పట్టించుకోరు. సూర్యాపేటలో కాపురముంటున్న నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఒక పాట గుర్తొస్తుంది, ఇక ఆ రోజంతా మనసు పాడవుతుంది.

ఆ పాట నా చిన్నప్పుడు మిర్యాలగూడలోని మా పుట్టింటికి కోదాడ నుంచి వచ్చింది. అక్కడుండే మా మేనమామ పనిమీద విజయవాడ వెళ్లినప్పుడల్లా కొత్త క్యాసెట్లు కొని, దసరాకి మా ఇంటికొచ్చేటప్పుడు చొక్కా జేబులో పెట్టుకొచ్చేవాడు. "సినిమా ఇంకా రాలేదే అమ్మాయ్, పాటలే వచ్చాయి" అంటూ, తానే బాణీ కట్టినంత గర్వంగా చేతిలో పెట్టేవాడు. నేను వెంటనే పక్కింటి సువార్తను పిలిచేదాన్ని.

సువార్త వాళ్ల నాన్న మిల్లులో మేస్త్రీ, చర్చిలో సంఘపెద్ద. వాళ్లింట్లో సినిమా పాట వినపడకూడదు. అందుకే, డాబా మీద ఎండబోసిన పల్లికాయను కోతులు ఎత్తుకుపోకుండా అమ్మ మమ్మల్ని కాపలా పెట్టినప్పుడు, బతుకమ్మ పండుగకు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు తింటూ, సెల్లులు వేసిన టేపురికార్డరుకు చెవులానించి వినేవాళ్లం. ఆ పాట మంచులో తీశారో ఎడారిలో తీశారో ఊహించుకోవడమే నా సరదా. సువార్తకు రాగం కావాలి. రెండోసారికే గమకాలతో సహా పట్టేసేది. నేను గొంతు కలిపితే, "జర ఆగవే, నీతోని పాట ఖరాబైతది" అని నా నోరు మూసేది.

వాళ్ల చర్చిలో క్రిస్మస్‌కు పిల్లలు తామే పాట కట్టి పాడేవారు. సినిమా వరసలో దేవుడి మాటలు పేర్చడం మామూలే. కాకపోతే ఆ వరస పాతబడి, సినిమా సంగతి జనం మరచిపోయి ఉండాలి. ఆ ఏడు సువార్త కోదాడ క్యాసెట్‌లోని పాటను తీసుకుంది.

"సిన్మానే రాలే గదనే, ఎవ్వలకు తెలుస్తది?" అంది. "పాట మంచిగొస్తే, సంగీతం నేర్పియ్యమని నాయినను అడుగుత."

చలికి వణికే పసిబిడ్డను గొర్రెపిల్ల ఆనుకుని వెచ్చబరచడం గురించి అది రాసిన మాటలు నాకు అసలు పాటకన్నా నచ్చాయి.

మా ఇద్దరికీ తట్టనిదల్లా లారీల సంగతే. మిల్లు బియ్యం విజయవాడలో దించి వచ్చే డ్రైవర్లు ఆ క్యాసెట్‌ను మా మేనమామకన్నా ముందే కొనేశారు.

క్రిస్మస్ పొద్దున, కొత్త సున్నం వాసన, అరిసెల వాసన కలిసిపోయిన ఆ చర్చిలో సువార్త పల్లవి అందుకోగానే సందడి సద్దుమణిగింది. వాళ్ల నాన్న కళ్లు మూసుకుని, తల ఊపుతూ, పొంగిపోతూ విన్నాడు. చరణానికి వచ్చేసరికి పండుగ చూడ్డానికొచ్చి వెనక వరసలో కూర్చున్న మిల్లు డ్రైవర్లు సినిమా మాటలు ఎత్తుకున్నారు. అవి హీరోయిన్ నడుము గురించిన మాటలు. ఒకడు ఈల వేశాడు. ఎగతాళి కాదది, తెలిసిన పాట దొరికిన సంబరం. చర్చి మాత్రం గొల్లున నవ్వింది.

ఆయన లేచి వెళ్లి కూతురి భుజం పట్టుకున్నాడు. "సాలు బిడ్డా, దిగు. ఇగ పాటలు బంద్" అన్నాడు, అంతే. సంగీతం మాట ఎత్తే అవకాశమే రాలేదు. అది మళ్లీ పాడలేదు, మా డాబా ఎక్కడం కూడా మానేసింది. ఆయన్ని నేను చాలా ఏళ్లు అసహ్యించుకున్నాను. మిల్లులో ఆయన కనబడితే చాలు డ్రైవర్లు ఆ రాగమే ఈల వేసేవారని తెలిశాక, ఎవరిని అసహ్యించుకోవాలో తెలియకుండా పోయింది.

మొన్న కోదాడలో ఒక పెళ్లికి వెళితే భోజనాల దగ్గర సువార్త కలిసింది. ఇప్పుడది టీచరు. కబుర్ల మధ్యలో డీజేవాళ్లు ఆ పాటే పెట్టారు. నేను దాని వైపు తిరిగాను. "యాదికున్నదానే?" అని అడిగాను. అది కాసేపు శ్రద్ధగా విని, "ఏ సిన్మాలదే గిది?" అంది. నటించలేదు. దాని మొహం నాకు తెలుసు.

క్యాసెట్లు పోయాయి, మేనమామ పోయాడు, సినిమాకన్నా ముందు పాట కోసం కాచుకోవడమూ పోయింది. ఫోనులో అడిగితే ఆ పాట క్షణంలో వస్తుంది, నడుము మాటలతో సహా. సువార్త రాసిన పసిబిడ్డ మాటలు మాత్రం ఎక్కడా లేవు. అవి నాకొక్కదానికే వచ్చు. నాకేమో రాగం రాదు.